మల్చింగ్ షీటు పరవడానికి సబ్సిడీ ఉంది, తీయడానికి దిక్కు లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ వ్యవసాయ పేజీలో పుచ్చ, టమాటా, మిరప తోటల్లో మల్చింగ్ షీటు (మొక్కల చుట్టూ బెడ్డు మీద పరిచే ప్లాస్టిక్ షీటు) లాభాల మీద వచ్చిన వ్యాసం చదివాం. కలుపు కూలి తగ్గడం, నీరు కలిసిరావడం, కాయ మట్టికి తగలక శుభ్రంగా ఉండడం అన్నీ నిజమే. వాటితో మాకు పేచీ లేదు. అయితే ఆ వ్యాసం చివరి కోతతో ఆగిపోయింది. కాపు అయిపోయాక ఆ షీటు ఏమవుతుందో ఒక్క వాక్యం కూడా లేదు. అసలు కథ అక్కడే మొదలవుతుంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు తూకం లెక్క చూద్దాం. 1.2 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవు, 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉన్న రోలు సుమారు 11 కిలోలు తూగుతుంది. ఆరడుగుల ఎడంతో బెడ్లు తోలితే ఎకరాకు 2,200 మీటర్ల బెడ్డు వస్తుంది. అంటే ఐదున్నర రోళ్లు, అరవై కిలోల పాలిథిన్. ఇందులో రెండు పక్కలా 15 సెంటీమీటర్ల చొప్పున అంచును మట్టిలో కప్పుతాం. లెక్కేస్తే షీటులో నాలుగో వంతు పరిచిన రోజే భూమిలోకి వెళ్లిపోయినట్టు. పంట తీశాక ఎంత ఓపికగా లాగినా అందులో కొంత ఉండిపోతుంది. మొత్తం మీద పదో వంతే మిగిలిందనుకుందాం. పంటకు ఆరు కిలోలు, ఐదు పంటలకు ముప్పై కిలోలు.

ఈ ముప్పై కిలోలు ఎక్కువా తక్కువా అనడానికి ఒక కొలబద్ద ఉంది. చైనా 2010లో పెట్టుకున్న జాతీయ ప్రమాణం ప్రకారం సాగు నేలలో మల్చింగ్ షీటు అవశేషం హెక్టారుకు 75 కిలోలు దాటకూడదు. ఎకరాకు మారిస్తే అది ముప్పై కిలోలే. ఏడాదికి రెండు పంటలకు షీటు పరిచే రైతు మూడో ఏడాది నడుస్తుండగానే ఆ గీత మీదికి వస్తాడు. చైనా ఈ ప్రమాణాన్ని ముచ్చటపడి పెట్టుకోలేదు. షింజియాంగ్ పత్తి చేలల్లో దశాబ్దాల పాటు 8 మైక్రాన్ల పలుచని షీటు పరిచారు. తీయబోతే చేతిలోనే చిరిగిపోయేది కనుక తీయడమే మానేశారు. నీరు ఇంకదు, వేరు అడ్డం తిరుగుతుంది, పత్తి తీసే యంత్రంలో దూదితో పాటు ప్లాస్టిక్ పీలికలూ వస్తాయి. చివరికి 2018 మే నుంచి కనీస మందాన్ని 10 మైక్రాన్లకు పెంచారు. పలుచన చేసి మిగుల్చుకున్న డబ్బు నేలను బాగుచేసుకోవడానికి చాలదని అక్కడ ఆలస్యంగా తెలిసింది.

మన దగ్గరా అలాంటి పలుచని షీటు సిఫార్సు ఒకటి ఉంది. వేరుశనగకు 7 మైక్రాన్ల షీటు వాడమంటారు. కాయ కట్టే ఊడ షీటును చీల్చుకుని నేలలో దిగాలి కాబట్టి అంత పలుచన కావాలి. ఊడలు గుచ్చుకున్న షీటు ఇక షీటుగా బయటికి రాదు. చెట్టు పీకినప్పుడు సగం పీలికలు నేలలో ఉంటాయి, సగం కట్టెకు చుట్టుకుని వాములోకి, వాము నుంచి పశువు కడుపులోకి పోతాయి. అనంతపురం, కర్నూలు వైపు వేరుశనగ కట్టె పశువులకు ప్రధానమైన మేత. అలాంటిచోట ఈ సిఫార్సును ఎవరైనా మళ్లీ కూర్చుని చూడాలి.

షీటు ఎక్కడ, ఎందుకు తెగుతుందో తెలిస్తే తీసే పద్ధతి దానంతటదే అర్థమవుతుంది. మట్టిలో కప్పిన అంచుకు ఎండ తగలదు కనుక అది గట్టిగానే ఉంటుంది. బెడ్డు భుజం మీద, మట్టి అంచుకు సరిగ్గా పైన, షీటు బిగుతుగా సాగి ఉంటుంది, ఎండా అక్కడే నేరుగా తగులుతుంది. లాగినప్పుడు ఆ గీత వెంట తెగుతుంది. చేతిలోకి నడిమి ముక్క వస్తుంది, గట్టి అంచు నేలలో నిలిచిపోతుంది. ఆ తరవాత మట్టిని చిన్నగా కొట్టే రోటవేటర్ తోలతారు. అసలు అనర్థం ఇక్కడ జరుగుతుంది. మూరెడు పీలికను చేత్తో ఏరవచ్చు. రోటవేటర్ దాన్ని గోరంత చేస్తుంది, కొన్నేళ్లు గడిచేసరికి అది నువ్వుగింజంత అవుతుంది. 25 మైక్రాన్ల షీటులో ఒక చదరపు మిల్లీమీటరు ముక్క బరువు 23 మైక్రోగ్రాములు. మిగిలిన ఆరు కిలోలూ ఆ సైజుకు వస్తే ఎకరాకు 26 కోట్ల ముక్కలు. పైన 15 సెంటీమీటర్ల మట్టిని ఎనిమిదిన్నర లక్షల కిలోలుగా తీసుకుంటే కిలో మట్టికి మూడు వందలు. ఇదంతా ఒక్క పంట మిగిల్చేది. మైక్రోప్లాస్టిక్ అనగానే సముద్రం, తాబేలు, స్ట్రా గుర్తుకొస్తాయి గాని మన జిల్లాల్లో దాన్ని తయారుచేసే యంత్రం ట్రాక్టరు వెనక తిరుగుతోంది.

ఇక షీటులో ఏముందన్న సంగతి. పాలిథిన్ ఒక్కటే అయితే మన ఎండకు ఎక్కువ కాలం నిలవదు. అందుకే నల్లరంగుకు కార్బన్ బ్లాక్, వెండిరంగు వైపు వర్ణకాలు, ఎండకు పగలకుండా కాపాడే అమీన్ జాతి స్థిరకాలు, ఫ్యాక్టరీలో కరిగించేటప్పుడు మాడకుండా ఫినాల్, ఫాస్ఫైట్ జాతి రసాయనాలు కలుపుతారు. ఇవి పాలిమర్‌కు రసాయన బంధంతో అతుక్కుని ఉండవు. పిండిలో ఉప్పులా కలిసి ఉంటాయి కనుక నెమ్మదిగా బయటికి వస్తాయి. ముక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా వస్తాయి. ఇలా బయటపడేది చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. మెత్తటి పీవీసీ నీళ్ల పైపు రెండు మూడేళ్లకు ఎందుకు బిరుసెక్కుతుంది? అందులో ముప్పై నలభై శాతం దాకా మెత్తదనం కోసం కలిపిన థాలేట్ వంటి నూనెలే. అవి పారిన నీళ్లలోకి, గాలిలోకి, పడి ఉన్న మట్టిలోకి పోయాయి.

ఇక్కడ ఒక పొరపాటు మాట తరచూ వినిపిస్తోంది: మల్చింగ్ షీటు నిండా థాలేట్లే అని. పాలిథిన్‌కు థాలేట్ల అవసరం లేదు, అది స్వతహాగా మెత్తనిది. మంచి ముడిసరుకుతో చేసిన షీటులో అవి ఉండాల్సిన పని లేదు. పాత సంచులు, పైపులు, వైరు తొడుగులు కలగలిపి కరిగించిన రీసైకిల్ షీటులో మాత్రం ఏ పాత రసాయనమైనా ఉండవచ్చు. చవక షీటుతో వచ్చే చిక్కు మందం ఒక్కటే కాదు. ఎండ స్థిరకాల్లో కూడా అన్నీ ఒకటి కావు. యువి-328 అనే దాన్ని 2023లో స్టాక్‌హోం ఒప్పందం కింద, ప్రపంచమంతా మానేయాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు. నేలలో, నీటిలో అది విరగదు, జీవుల కొవ్వులో పోగుపడుతుంది. డ్రిప్ గొట్టం, షీటు, షేడ్‌నెట్ కొనే శాఖలు తమ టెండర్లలో అది లేదని ధ్రువీకరణ అడగడానికి అడ్డేమీ లేదు. గట్టి పీవీసీ పైపుల్లో స్థిరకంగా వాడే సీసం మీద కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అంతకుముందు దించిన బోరు పైపులు ఇంకా నేలలోనే ఉన్నాయి. వాటిని కోసేటప్పుడు రాలే పొడిని గోనె పరిచి పట్టి పారేయాలి. బోరు గట్టున వదిలేస్తే అది అక్కడి మట్టిలోకి, వాన వస్తే నీటిలోకి పోతుంది.

కలిపిన రసాయనం ముక్క కన్నా ప్రమాదకరం కాగలదనడానికి బాగా రుజువైన ఉదాహరణ అమెరికాలో ఉంది. సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చే కోహో సాల్మన్ చేపలు వాన పడగానే గుంపులుగా చచ్చిపోయేవి. రెండు దశాబ్దాలు వెతికాక 2020లో కారణం తేలింది. టైరు రబ్బరు పగలకుండా కలిపే 6పీపీడీ గాలిలోని ఓజోన్‌తో చేరి క్వినోన్‌గా మారుతుంది, రోడ్డు మీది వాననీటితో వాగులోకి దిగుతుంది. లీటరుకు ఒక మైక్రోగ్రాములో పదో వంతు చాలు కోహో ప్రాణం తీయడానికి. అదే వాగులో చమ్ సాల్మన్‌కు ఏమీ కాదు. కనుక మన శీలావతికి, బొచ్చెకు ఇలాగే అవుతుందని ఇప్పుడే అనడం తొందరపాటు. అవదని ధైర్యం చెప్పడం కూడా తొందరపాటే.

అలాగే వానపాముల విషయం. నెదర్లాండ్స్‌లో 2016లో వెలువడిన ప్రయోగంలో పాలిథిన్ పొడి కలిపిన ఆకుచెత్త తిన్న వానపాములు ఎదుగుదల తగ్గి చనిపోయాయి. ఆ ఆకుచెత్తలో ప్లాస్టిక్ వంతు 28 నుంచి 60 శాతం. మన చేలలో అంత ఉండదు. గోధుమ, లెట్యూస్ వేళ్లలోకి రెండు మైక్రాన్ల దాకా కణాలు పక్కవేరు మొలిచే చీలిక గుండా దూరినట్టు 2020లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. అది కూడా ప్రయోగశాలలోనే. భయపెట్టే శీర్షికలు పెట్టేటప్పుడు ఈ మోతాదులు కూడా రాస్తే మంచిది. షీటు పీలికలు నీటి ఇంకుదలనూ వేరునూ అడ్డుకోవడానికి మాత్రం ప్రయోగశాల సాక్ష్యం అక్కర్లేదు, పార వేస్తే కనిపిస్తుంది.

చేలో మిగిలింది చేలోనే ఉండదు. తొలకరి వానకు ఒండ్రుతో పాటు వాగులోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతుంది. పాలిథిన్ నీటికన్నా తేలిక, తేలాలి. కొన్ని వారాల్లో పాచి పట్టి బరువెక్కి అడుగుకు దిగుతుంది. అలా దిగినది పూడికలో కలుస్తుంది. తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైన 2015 నుంచి పూడికమట్టిని చేలకు తోలడం పెరిగింది. నేలకు అది మేలే, మంచి పని. కానీ ఊరి మురుగు కలిసే చెరువు పూడికలో సంచుల పీలికలు, బట్టల నూలు, షీటు ముక్కలు కూడా ఉంటాయి. చెరువులో చేరినది బండి కట్టించుకుని మళ్లీ చేలోకి వస్తోంది. ఊరికి ఎగువన తవ్విన పూడికనే చేలకు తోలాలి. మురుగు కాలువ కలిసే మూల నుంచి తీసిన మట్టిని కట్టకు, రోడ్డుకు వాడాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు, తవ్వే చోటు గుర్తు పెడితే చాలు.

తన చేలో ఎంత ఉందో రైతే తేల్చుకోవచ్చు. ఎకరంలో నాలుగు చోట్ల, 50 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతున మట్టి తీయండి. రెండు గుంతలు బెడ్డు అంచున, రెండు నడిమిన ఉండాలి. రోళ్లు పారేసిన గట్టు దగ్గర తీయకూడదు, లెక్క తప్పుతుంది. మట్టి ఆరాక 5 మిల్లీమీటర్ల ఇసుక జల్లెడలో పోసి షీటు ముక్కలు ఏరండి. బకెట్టు నీళ్లలో బాగా కడిగి, నీడలో ఒకరోజు ఆరబెట్టి, చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద తూచండి. కడగకుండా తూస్తే అంటుకున్న మట్టే రెట్టింపు ఉంటుంది. నాలుగు గుంతలూ కలిపి ఒక చదరపు మీటరు కనుక, వచ్చిన గ్రాములను నాలుగుతో గుణిస్తే ఎకరాకు కిలోలు వస్తాయి. ఏడున్నర గ్రాములు వస్తే చైనా పెట్టుకున్న హద్దుకు చేరినట్టే. అంటే రెండడుగుల చదరం షీటు కూడా పూర్తిగా కాదు!

జల్లెడ దాటిన సన్నపు ముక్కల కోసం డిగ్రీ కళాశాల ల్యాబులో చేయదగ్గ పని ఒకటుంది. లీటరు నీటిలో 350 గ్రాముల ఉప్పు కరిగించి వడకట్టాలి. అందులో వంద గ్రాముల ఎండు మట్టి వేసి, గాజు కడ్డీతో కలిపి, మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచాలి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ పైకి తేలతాయి. పీవీసీ, నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్ ఉప్పునీటిలో కూడా మునుగుతాయి, కనుక తేలింది లేదంటే అసలేమీ లేదని కాదు. వేర్లు, పొట్టు కూడా తేలతాయి. అనుమానం ఉన్న ముక్కకు ఎర్రగా కాల్చిన సూది తాకిస్తే ప్లాస్టిక్ ముడుచుకుంటుంది, వేరు మాడుతుంది. గాజు, స్టీలు పాత్రలే వాడాలి, నూలు బట్టలే వేసుకోవాలి. మట్టి వేయకుండా ఉప్పునీటితో ఒకసారి చేసి చూడాలి. చేసేవారి పాలిస్టర్ చొక్కా నుంచి రాలిన నూలునే మట్టిలో దొరికిందని రాసుకోవడం ఈ పరీక్షల్లో మామూలుగా జరిగే తప్పు.

ఇప్పుడు కొనడం, తీయడం గురించి. రోలు మీద రాసిన మైక్రాన్లను నమ్మకండి, కాటా మీద పెట్టండి. వెడల్పు మీటర్లను పొడవు మీటర్లతో, దాన్ని మైక్రాన్లతో గుణించి, 0.00093తో గుణిస్తే రావాల్సిన కిలోలు వస్తాయి. 25 మైక్రాన్లని చెప్పిన 400 మీటర్ల రోలు లోపలి గొట్టం తీసేశాక 9 కిలోలే తూగితే అది 20 మైక్రాన్ల షీటు, లేదా 400 మీటర్లు లేదు. వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే సూదిరంధ్రాలు, గరుకు చుక్కలు కనపడినా, ముక్కుకు ఘాటు వాసన తగిలినా వెనక్కి ఇచ్చేయండి. నాలుగు నెలల పంటకు 25, అదే షీటు మీద పుచ్చ తరవాత టమాటా వేసుకునే పనైతే 30 మైక్రాన్లకు తగ్గకూడదు. ఒకే షీటు మీద రెండు పంటలు తీయడం మంచిదే, ప్లాస్టిక్ సగమవుతుంది. అందుకు షీటు నిలవాలి.

షీటు నిలవకుండా చేసే ఒక కారణం చాలామందికి తెలియదు. బూడిద తెగులుకు చల్లే గంధకం, క్లోరిన్ ఉన్న కొన్ని మందులు ఎండ స్థిరకాలను చచ్చుబరుస్తాయి. స్థిరకం అమీన్, గంధకం నుంచి పుట్టే ఆమ్లం దాన్ని కట్టేస్తుంది. మందు పిచికారీ చేసిన మిరప, ద్రాక్ష తోటల్లో షీటు చెప్పిన గడువుకన్నా ముందే పెళుసెక్కితే కంపెనీని తిట్టేముందు పిచికారీ పుస్తకం చూసుకోవాలి. అలాంటి తోటలో చివరి కోత కాగానే షీటు తీసేయాలి, మరో పంటకు ఉంచకూడదు.

ఇంకో చిన్న సంగతి. మొక్కకు చిల్లులు వేసేటప్పుడు రాలే బిళ్లలు. ఏడు సెంటీమీటర్ల చిల్లులు ఎకరాకు ఐదు వేలు వేస్తే దాదాపు అరకిలో ప్లాస్టిక్ మొదటి రోజే చేలో రాలుతుంది. చిల్లులు వేసే మనిషి నడుముకు సంచి కట్టుకుంటే ఆ అరకిలో ఇంటికొస్తుంది.

తీసే వరుస ఇది. చివరి కోత తరవాత పదిహేను రోజుల్లోపు తీయాలి. వేసవిలో వదిలేసిన ప్రతి నెలా తెగే గుణం పెరుగుతుంది. మొక్కలను పీకకండి, వేరు బుడ్డతో పాటు షీటు చీలుతుంది. కొడవలితో మొదలుకంటా కోసేయండి. మట్టి పదును మీద ఉండాలి, పిడికిట పడితే ముద్ద కావాలి గాని చేతికి అంటకూడదు. ఎండిన మట్టిలో అంచు పెడ్డలకు పట్టుకుని తెగుతుంది, బురదలో మట్టితో కలిసి వస్తుంది. ముందు పారతోనో, గొర్రు కర్రులు రెండు అంచుకు జానెడు అవతలగా అమర్చి తోలో అంచులు వదులు చేయాలి. ఆ తరవాత ఇద్దరు చెరో అంచూ ఎత్తుతూ నడవాలి, మూడో మనిషి చుట్టుకుంటూ రావాలి. పొద్దు ఎక్కకముందే ముగించాలి, వేడెక్కిన షీటు సాగి చిరుగుతుంది. షీటు కింది డ్రిప్ గొట్టాన్ని (లేటరల్) షీటు తీశాక చుట్టాలి. తీసిన షీటును గట్టున ఒకరోజు ఆరనిచ్చి దులిపితే మట్టి చాలావరకు రాలుతుంది. 11 కిలోల రోలు 20 కిలోలుగా తిరిగొస్తే తొమ్మిది కిలోలు మట్టే. పాత ప్లాస్టిక్ కొనేవాడు అందుకే మొహం తిప్పుకుంటాడు, రైతు అందుకే అగ్గిపెట్టె తీస్తాడు. కాల్చితే పోయేది కంటికి కనపడే భాగమే. మసి, అందులోని పాలీ అరోమాటిక్ విషాలు ఆ గట్టునే దిగుతాయి, పక్కన పీవీసీ పైపు ముక్క ఒకటి ఉంటే డయాక్సిన్లు అనే విషాలు కూడా పుడతాయి. షీటు తీశాక గొర్రు ఒకసారి తోలి, పైకి వచ్చిన పీలికలు ఏరి, ఆ తరవాతే రోటవేటర్ దించాలి.

బదులుగా అమ్ముతున్న సరుకుల్లో ఒకటి మాత్రం కొననే వద్దు. కొన్నాళ్లకు తనంతట తానే పొడై పోతుందని చెప్పే ఆక్సో రకం షీటు అది. పొడి అవుతుంది, పోదు. మనం వద్దనుకుంటున్న మైక్రోప్లాస్టిక్‌ను ఏరడానికి వీల్లేకుండా అది దగ్గరుండి తయారుచేసి పెడుతుంది. ఐరోపా సమాఖ్య దీన్ని 2019 ఆదేశంతో, 2021 జులై నుంచి నిషేధించింది. నేలలో నిజంగా విరిగే షీట్లు వేరే ఉన్నాయి, పీబ్యాట్, పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌లు కలిపి చేసేవి. వాటికి ఐరోపాలో 2018 నాటి ఈఎన్ 17033 ప్రమాణం ఉంది: 25 డిగ్రీల దగ్గర మట్టిలో రెండేళ్లలో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. కేవలం కంపోస్టబుల్ అని రాసి ఉంటే చాలదు, ఆ పరీక్ష 58 డిగ్రీల కంపోస్టు కుప్పలో చేసేది. మన చేను కంపోస్టు కుప్ప కాదు. ఈ షీట్లు ఖరీదెక్కువ. పైగా రాయలసీమలో పంట తరవాత నేల నెలల తరబడి ఎండి ఉంటే సూక్ష్మజీవులు పనిచేయవు, చెప్పిన గడువుకు విరగవు. మనకు తగునా లేదా అన్నది ఇక్కడి నేలల్లో పెట్టి చూశాకే చెప్పాలి.

గడ్డి ఉన్న చోట గడ్డే మేలు. ఎకరాకు రెండు టన్నుల వరిగడ్డి, చెరకు ఆకు లేదా వేరుశనగ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు చాలావరకు అణగుతుంది. ఎర్రనేలల్లో చెదలు పడతాయి, మొక్క మొదలుకు నాలుగు వేళ్ల ఎడం వదలాలి. మేతకే గడ్డి లేని ఊళ్లో ఈ మాట చెప్పడం వృథా అని మాకూ తెలుసు.

షీటు ఒక్కటే దోషి కాదు. పట్టణ చెత్త కంపోస్టులో కూడా ముక్కలు వస్తాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆ కంపోస్టులో 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడ దాటాలి. సీసం, కాడ్మియం వంటి భార లోహాలకు హద్దులున్నాయి. ప్లాస్టిక్‌కు కూడా హద్దు పెట్టాలి. ఐరోపా నియమం రెండు మిల్లీమీటర్లకు పైబడిన ప్లాస్టిక్ కిలోకు 3 గ్రాములు మించకూడదంటుంది, 2026 జులై నుంచి అది రెండున్నర. ఆ హద్దు కూడా మెత్తనిదే. 3 గ్రాముల చొప్పున ఎకరాకు నాలుగు టన్నులు వేస్తే 12 కిలోల ప్లాస్టిక్, మల్చింగ్ రెండు పంటల్లో మిగిల్చినంత. కొనేముందు గుప్పెడు కంపోస్టు గిన్నె నీళ్లలో కలిపి చూడండి, తేలేదేమిటో కనపడుతుంది.

ఇక ప్రభుత్వాల వంతు. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 మార్గదర్శకాల్లో ప్లాస్టిక్ మల్చింగ్‌కు హెక్టారుకు 32,000 రూపాయల వ్యయం చూపి, అందులో సగం, ఒక రైతుకు రెండు హెక్టార్ల దాకా సబ్సిడీగా పెట్టారు. అది పరవడానికి. తీసిన షీటు ఎక్కడికి పోవాలో చెప్పలేదు. 2022లో ప్లాస్టిక్ ఉత్పత్తిదారుల మీద పెట్టిన వెనక్కి తీసుకునే బాధ్యత ప్యాకేజింగ్‌కు వర్తిస్తుంది. మల్చింగ్ షీటు ప్యాకేజింగ్ కాదు కనుక తప్పించుకుంది. పాల ప్యాకెట్ తయారీదారుకు ఉన్న బాధ్యత, ఎకరాకు అరవై కిలోలు అమ్మేవాడికి లేదు. 2024 సవరణలో కేంద్రం మైక్రోప్లాస్టిక్‌కు నిర్వచనం కూడా రాసింది, ఒక మైక్రాన్ నుంచి వెయ్యి మైక్రాన్ల ఘన కణం అని. ఆ నిర్వచనానికి సరిపోయే సరుకు చేలల్లో తయారవుతుంటే నిబంధన మాత్రం దుకాణం దగ్గరే ఆగింది.

మేము అడిగేది పెద్ద పథకం కాదు. సబ్సిడీని రెండు భాగాలు చేయండి. సగం షీటు పరిచినప్పుడు, సగం తీసి తూచి అప్పగించినప్పుడు ఇవ్వండి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రం, తెలంగాణలో రైతు వేదిక దగ్గర నెలకోరోజు కాటా పెడితే చాలు. అప్పగించిన తూకంలో మట్టికి ఎంత తగ్గించాలో ఒక చిన్న నమూనా కడిగి తేల్చవచ్చు. సబ్సిడీ షీటు మందం 25 మైక్రాన్లకు తగ్గకూడదు. ప్రతి కొన్ని మీటర్లకూ మైక్రాన్లు, తయారీ సంవత్సరం, తయారీదారు పేరు అచ్చువేయాలి, అప్పుడు చేలో దొరికిన పీలిక ఎవరిదో తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో 2001లో ఏర్పడి, తయారీదారులు, పంపిణీదారులు, రైతులు కలిసి నడిపే సంస్థ వాడిన వ్యవసాయ ప్లాస్టిక్‌ను సేకరిస్తోంది. ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. భూసార కార్డులో ఇప్పుడు పన్నెండు అంశాలు పరీక్షిస్తున్నారు. మల్చింగ్ మండలాల్లో పదమూడోదిగా షీటు అవశేషం చేర్చండి. పైన చెప్పిన నాలుగు గుంతల పరీక్షకు జల్లెడ, కాటా తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

మీకూ ఒక మనవి. ఈసారి వ్యవసాయ పేజీలో మల్చింగ్ ఖర్చుల పట్టిక వేసినప్పుడు షీటు, బెడ్లు, డ్రిప్, చిల్లులు, నాట్లు అన్న వరుసల కింద షీటు తీత కూలిని కూడా చేర్చండి. మొన్నటి పట్టికలో ఆ వరుస లేదు.

ఇట్లు,
నేల, నీటి పరీక్షల పనిలో ఉన్న కొందరు పాఠకులు,
అనంతపురం